మా ఐదెకరాల్లో గడ్డి లెక్క

ప్రకృతి వ్యవసాయం చేస్తున్నామని తెలియగానే అందరూ ముందుగా అడిగేది నేలకి పోసే జీవామృతం గురించే. ఎన్ని నీళ్ళు, ఎంత పేడ, ఎంత బెల్లం అని. అదేమీ దాచుకునే సంగతి కాదు. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది మట్టి ఒక గుప్పెడు. డ్రమ్ము నీడలో పెట్టి, పైన గోనెసంచి కప్పి, రెండు పూటలా కర్రతో తిప్పితే రెండు రోజులకి తయారైపోతుంది. వారంలోపు వాడేయాలి. దీన్ని ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకోవచ్చు.

మాకు ఏళ్ళు పట్టింది గడ్డి దగ్గర. పొలంలో ఎంత గడ్డి, ఎంత ఆకు పుడుతోంది, అందులో ఆవుకెంత, నేలకెంత, ఏ నెలలో ఎవరికి కరువు వస్తుంది అన్న లెక్క కుదిరాకే మా సాగు ఒక దారిలో పడింది. ఆ లెక్క ఎలా కుదిరిందో చెప్తాను. మొదలుపెట్టాలనుకునే వాళ్ళకి డ్రమ్ము కొలతల కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుందని నా నమ్మకం.

మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి మా మండలంలోనే ఉంది. ఐదెకరాల్లో రెండెకరాలు చెరువు కింద పల్లం, మూడెకరాలు ఎర్ర మెట్ట. మెట్టలో ఇసుక పాలు ఎక్కువ. రాత్రి ఎంత వాన పడినా తెల్లారి చెప్పులకి బురద అంటదు, రెండు రోజులు ఎండ కాస్తే మొక్క తల వాల్చేస్తుంది. మా మావయ్య వయసులో ఉన్నప్పుడు ఆ మెట్టంతా జీడిమామిడి, మామిడి వేశారు. పల్లంలో వరి. ఇంటి ముందు ఒక జత ఎడ్లు. ఏటా జీడిపిక్కలు అమ్మిన డబ్బుతోనే ఇల్లు గడిచేది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. విశాఖలో ఉన్న వాళ్ళకి ఆ రోజు ఏమిటో నేను చెప్పక్కర్లేదు. మా మెట్టలో చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. మూడెకరాల్లో రెండే రకాల చెట్లు, దాదాపు ఒకే వయసువి, ఒకే ఎత్తువి. గాలి ఒక పక్క నుంచి తోస్తే అన్నీ ఒక పక్కకే ఒరిగిపోయాయి. గట్ల మీద తాటిచెట్లు మాత్రం నిలబడ్డాయి. పడిన చెట్లను కొనేవాళ్ళు కూడా లేరు, ఊరూరా అదే కలప పడి ఉంది. మావయ్య చాలా రోజులు ఆ మెట్ట వైపు వెళ్ళలేదు. తర్వాత ఒకసారి వెళ్ళొచ్చి ఆయన అన్న మాట ఇప్పటికీ మా ఇంట్లో తిరుగుతూ ఉంటుంది. "ఇక మీదట ఈ మెట్టలో ఏది వేసినా ఒక్కటే వేయొద్దు" అన్నారు. ప్రకృతి వ్యవసాయం అన్న పేరు మా చెవిన పడక ముందే మేం పలు పంటల వైపు తిరిగింది ఆ మాట మీదే.

మా ఆయన అప్పటికి సిటీలో కాంట్రాక్టు ఉద్యోగం చేసేవారు. మెట్టలో మళ్ళీ మొక్కలు పెట్టాలంటే ఇంటి దగ్గర మనిషి ఉండాలి. ఉద్యోగం మానేసి వచ్చేశారు. రాష్ట్ర ప్రభుత్వపు రైతు సాధికార సంస్థ 2016లో మొదలుపెట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం తర్వాత మా వైపు కూడా వచ్చింది. పక్క ఊరి డ్వాక్రా సంఘంలో అక్క ఒకావిడ వచ్చి చూపించేది. తన పొలంలో చేసినవే మాకు చెప్పేది. అందుకే మా అత్త కూడా వినేది. మొదట్లో దాన్ని పెట్టుబడి లేని వ్యవసాయం అనేవారు. తర్వాత కార్యక్రమానికి పేరు మార్చారు, మంచి పని చేశారు. బెల్లానికి, పప్పు పిండికి డబ్బు పెట్టాలి. ఒంటి కష్టం లెక్కేస్తే అది అన్నిటికంటే పెద్ద పెట్టుబడి.

ఆవుల్ని కొన్నాం. స్థానిక జాతివి, చిన్న ఒడ్డు పొడుగు, పాలు తక్కువే. రెండు ఆవులు, వాటి దూడలు. డ్రమ్ములో జీవామృతం కలపడం మొదలైంది. ఆ తర్వాత అక్క నేల కప్పమని చెప్పింది. ఆచ్ఛాదన అంటారు. ఎండ నేరుగా తగిలితే మట్టిలో ఉన్న సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, ఎన్ని డ్రమ్ములు పోసినా వృథా అని. మాట నిజమే. దేనితో కప్పాలి అన్న దగ్గరే గొడవ మొదలైంది.

మా ఆయన కుప్ప నుంచి వరిగడ్డి మోపులు తీసి వంగ మళ్ళలో పరుస్తుంటే అత్త పశువుల సాల దగ్గర నుంచి కేకేసింది. "నేలకి పరుస్తావేటిరా? వేసంగిలో ఆవులకేటి పెడతావు?" మా ఆయనా తగ్గలేదు. "నేల చచ్చిపోతే ఆవుల్ని ఎక్కడ మేపుతావే అమ్మా?" ఇద్దరి మాటా నిజమే. మావయ్య కల్పించుకోలేదు. నేను ఆ రాత్రి పిల్లాడి నోట్సులో వెనక పేజీ తీసి లెక్క వేశాను.

మా ఆవుల్లాంటి చిన్న ఆవుకి రోజుకి ఎండుమేత ఆరు కిలోల దాకా కావాలి. రెండు ఆవులకి ఏడాదికి నాలుగు టన్నుల పైచిలుకు. దూడలు వేరే. మా రెండెకరాల్లో వరిగడ్డి మంచి ఏడాదైతే ఎకరానికి రెండు టన్నులు వస్తుంది. అంటే మొత్తం గడ్డి ఆవులకే చాలీ చాలదు. మరోపక్క ఎకరం మెట్టను మట్టి కనబడకుండా కప్పాలంటే దానికే కొన్ని టన్నులు పోతుంది. మాకు మూడెకరాలు ఉంది. లెక్క ఎటు నుంచి చూసినా కుదరదు. ఉన్న గడ్డిని పంచుకోవడంతో పని జరగదని, గడ్డిని, ఆకుని కొత్తగా పుట్టించాలని ఆ కాగితం మీద తేలింది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ పంట గురించి మాట వచ్చినా గింజ ఎంత వస్తుంది అన్న ప్రశ్నతో పాటు కట్టె ఎంత, ఆకు ఎంత, అది ఎవరు తింటారు అన్న ప్రశ్న కూడా వస్తుంది.

ముందు దారి చూపించింది నవధాన్యాలు. పేరు నవధాన్యాలే గానీ మేం ఇరవై రకాల దాకా కలుపుతాం. కంది, బొబ్బర, పెసర, మినుము, ఉలవ, అనుములు, పిల్లిపెసర, జనుము. వీటితో పాటు చోడి (రాగి), గంటి (సజ్జ), జొన్న, నువ్వు, ఆముదం, ఆవాలు, ధనియాలు, గోంగూర, తోటకూర, దోస, గుమ్మడి. సింహాచలం చందనోత్సవం అయ్యాక, తొలకరికి ముందే, ఎండలు మండుతున్నప్పుడే చల్లేస్తాం. పొడి నేలలో విత్తనం చల్లడమేమిటని ఊరంతా ఆశ్చర్యపోయింది.

అందులో కిటుకు గుళికల్లో ఉంది. విత్తనాల్ని ముందు బీజామృతంతో, అంటే విత్తనశుద్ధికి వాడే ద్రావణంతో, తడుపుతాం. పెద్ద బేసిన్‌లో వేసి, మెత్తగా దంచి జల్లించిన చెరువు మట్టి కొంచెం కొంచెం చల్లుతూ, బేసిన్ రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా తిప్పాలి. చేటతో బియ్యం చెరిగే చెయ్యి ఉన్నవాళ్ళకి ఇది వెంటనే వస్తుంది. మా అత్త చేతికి వచ్చినట్టు నా చేతికి రాదు. మట్టి పొర పట్టాక ఘనజీవామృతం (జీవామృతంలాంటిదే, ఎండబెట్టిన రూపం) పొడి, దాని మీద బూడిద. తిప్పుతుంటే గింజలు ఒకదానికొకటి తగిలి గలగలమంటాయి. ఆ చప్పుడు మారి మెత్తగా వినబడితే పొర సరిగ్గా పట్టిందని గుర్తు. నీడలో ఆరబెడితే శనగగింజంత గుళికలు తయారవుతాయి. ఇవి పొలంలో పడ్డాక చీమలు ఎత్తుకుపోవు, ఎండకి గింజ మాడిపోదు. చిన్న చినుకు పడితే మొలకెత్తదు, సరైన తడి అందేదాకా ఆగుతుంది. మా వైపు ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలివానలు పడుతూ ఉంటాయి. సముద్రం దగ్గర కాబట్టి గాలిలో చెమ్మ కూడా ఎక్కువే. మంచి జల్లు ఒక్కటి పడితే మెట్ట పచ్చబడిపోతుంది. జూన్‌లో పక్క పొలాల్లో ఎర్రమట్టి వాన నీళ్ళతో కొట్టుకుపోతుంటే మా గట్టు దిగువన నీళ్ళు తేటగా వచ్చాయి. మావయ్య అది చూసి చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

నలభై ఐదు, యాభై రోజులకి కోత. ఈ కోతే మా లెక్కలో పెద్ద జమ. కొంత పచ్చిమేతగా ఆవులకి, కొంత అక్కడే నేల మీద పరవడానికి. ఏరి కోయడం మాత్రం తెలిసుండాలి. లేత జొన్నకి నాము అనే విషం ఉంటుంది. అందులోనూ బెట్టకి వడిలిపోయిన జొన్న తిన్న పశువు గంటల్లో చచ్చిపోతుంది. ఆముదం ఆకు కూడా పశువుకి పెట్టం. ఆ రెండూ పక్కకి తీసి నేలకి వేసేస్తాం. బొబ్బర, పిల్లిపెసర, గంటి ఆవులకి. తోటకూర, గోంగూర ముందే వంటింట్లోకి వచ్చేస్తాయి, మిగిలితే సంతకి. కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి మేత కోసమే అయితే జొన్న కలపొద్దనే చెప్తాను. పిల్లలు కోసుకొచ్చి పెట్టే ఇళ్ళలో అయితే మరీను.

ఇక ఎండుగడ్డితో నేల కప్పడంలో ఎర్రమెట్టలో ఇంకో చిక్కు ఉంది. చెదలు. పల్లం రైతులకి ఈ బాధ తెలియదు. మెట్టలో కొబ్బరి మొక్కల చుట్టూ పరిచిన వరిగడ్డి రెండు నెలల్లో మాయమైపోయేది. పైన మట్టి పొర, లోపల డొల్ల. ఆవుల నోటి దగ్గర నుంచి తీసి చెదలకి పెట్టినట్టయింది. అందుకే మెట్టలో ఎండు ఆచ్ఛాదన తగ్గించి బతికున్న ఆచ్ఛాదన పెంచాం. మొక్కల మధ్య బొబ్బర, ఉలవ, చిలగడదుంప తీగ. తీగ పాకి నేలంతా కప్పేస్తుంది, చెదలు దాని జోలికి అంతగా రావు. దుంప మాకు, తీగ ఆవులకి.

చెదల్ని కూడా వాడుకోవడం అత్తకి తెలుసు. వాళ్ళ అమ్మగారింట్లో చేసేవారట. పాత కుండలో తడిపిన పేడ, చింకి గోనె ముక్క, కాస్త ఎండుగడ్డి కుక్కి, సాయంత్రం చెదలున్న చోట బోర్లించి వస్తుంది. తెల్లారి కుండ ఎత్తి కోడిపిల్లల మధ్య దులిపితే, తెల్లగా కదులుతున్న చెదల మీద పిల్లలు ఎగబడతాయి. ఎండ ఎక్కకముందే దులిపేయాలి, ఎండ పడితే అవి గోనె మడతల్లోకి దూరిపోతాయి. ఆ మేత తిన్న పిల్లలు తొందరగా ఈకలు వేస్తాయి. నాటుకోడి ధర మీకు తెలిసిందే. సంక్రాంతి ముందు మా ఇంటి అరుగు మీద బేరాలు ఆగవు.

కంచె కోసం గిరిపుష్పం నాటాం. వానాకాలంలో చేయి మందాన కొమ్మ నరికి పాతితే చాలు, వేరు పట్టేస్తుంది. గాలిలో నత్రజనిని పట్టుకునే జాతి, ఆకు మెత్తన, మట్టిలో తొందరగా కరుగుతుంది. వాసనకి ఆవులు మొదట్లో ముట్టవు, దారిన పోయే మేకలు కూడా అంతగా కొరకవు. అందుకే కంచెగా నిలిచింది. ఏడాదికి రెండు మూడు సార్లు కొమ్మలు కొట్టి ఆకు వంగ, మిరప మళ్ళకి వేస్తాం. వరిగడ్డి అక్కడ పూర్తిగా మానేశాం. లోపలి గట్ల మీద అవిసె చెట్లు. అది ఆవులకి ప్రాణం. తూర్పు, దక్షిణం హద్దుల్లో సర్వి వరస. సముద్రపు గాలికి అది అడ్డు, దాని వేళ్ళు కూడా నత్రజనిని పడతాయి. ఏళ్ళు గడిచాక కర్ర అమ్ముకోవచ్చు. హుద్‌హుద్ చూసిన వాళ్ళం కాబట్టి తోటను ఇప్పుడు ఒకే ఎత్తులో పెంచడం లేదు. పైన కొబ్బరి, కింద మామిడి, జామ, సీతాఫలం, ఇంకా కింద బొప్పాయి, అరటి, మునగ, నేల మీద పసుపు, అల్లం, కంద. అంత పెద్ద గాలి మళ్ళీ వస్తే కొన్ని పోతాయి, కొన్ని మిగులుతాయి.

వరి గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. శ్రీకాకుళం సన్నాలు వేస్తాం. ముందు పచ్చిరొట్ట ఎరువుకి జీలుగ చల్లి, అది పూతకి వచ్చాక దమ్ములో కలిపేసి, ఊడుపు. ప్రతి రెండు మీటర్లకి తూర్పు పడమరలుగా కాలిబాట వదులుతాం, గాలి, వెలుతురు ఆడితే వరికి పట్టే దోమ నిలవదు. గట్ల మీద కంది, బంతి. మొదటి రెండేళ్ళు దిగుబడి బాగా తగ్గింది, ఆ రెండేళ్ళూ ఇంట్లో టెన్షన్ మామూలుగా లేదు. తర్వాత మెల్లగా కోలుకుంది. కూరగాయల డబ్బు లేకపోతే మేమూ మధ్యలో వదిలేసేవాళ్ళమేమో. అందుకే ఉన్న భూమంతా ఒకేసారి మార్చేయమని నేను ఎవరికీ చెప్పను. పల్లంలో కోతకి రెండు రోజుల ముందు పైరులోనే మినుములు చల్లేస్తాం. మిగిలిన తడితోనే అపరాలు వచ్చేస్తాయి. మినప కట్టె, పొట్టు మళ్ళీ ఆవుల ఖాతాలోకే.

మేత విషయంలో చోడి చేసిన మేలు ఇంకేదీ చేయలేదు. విజయనగరం పరిశోధన కేంద్రం వాళ్ళు విడుదల చేసిన శ్రీచైతన్య రకం వేశాం. చోడిగడ్డి వరిగడ్డి కన్నా బలం. ఆవులు మొదళ్ళు కూడా వదలకుండా తింటాయి. గింజ అంబలికి, పిల్లల జావకి, మిగిలింది సిటీకి. చోడి కోశాక అదే నేలలో సెప్టెంబరు ఆఖర్లో ఉలవలు చల్లుతాం. ఆ పంటకి మేం చేసే పని దాదాపు ఏమీ ఉండదు. పొగమంచుకే పండుతుందంటారు మావయ్య. ఉలవ పొట్టు చలికాలం మేతకి. ఇలా వరిగడ్డి మీద భారం తగ్గింది. ఇప్పుడు అందులో సగానికి సగం కుప్పలోనే మిగిలి వేసంగికి అందుతోంది.

పల్లానికి గత్తం (పశువుల ఎరువు) చాలేది కాదు. దానికి గొర్రెల మంద కట్టిస్తాం. కోతలయ్యాక గొల్లలు మందలతో మా వైపు దిగుతారు. రాత్రి పూట మందని మన చేలో నిలిపితే ఆ పెంట, మూత్రం నేలకే. రాత్రికింత అని ధాన్యమో డబ్బో ఇచ్చుకోవాలి. ఇది పాత పద్ధతే, మధ్యలో యూరియా బస్తా వచ్చాక అందరూ మర్చిపోయారు. మావయ్యకి ఒక మందల కాపరితో పాత పరిచయం. ఆయన వచ్చిన రాత్రుల్లో భోజనం మా ఇంట్లోనే. ఏ చెరువు ఎండింది, ఏ కొండ మీద మేత ఉంది అన్నది ఏ ఆఫీసులోనూ దొరకనంత వివరంగా ఆయన చెప్తాడు.

పురుగుల సంగతి చాలామంది అడుగుతారు. కషాయాలు మేమూ కొడతాం. వేపాకుతో నీమాస్త్రం అయితే తరచుగా. కానీ నాలుగైదేళ్ళు గడిచాక కొట్టాల్సిన అవసరమే తగ్గింది. కొత్తగా నాటిన మామిడి చెట్ల మీద ఆకులు కలిపి కుట్టుకుని గూళ్ళు కట్టే ఎర్ర చీమలు వచ్చాయి. ఒక రోజు నిచ్చెన మీద నుంచి దగ్గరగా చూశాను. చీమలు వరసగా నిలబడి ఒక ఆకు అంచుని కాళ్ళతో పట్టి ఇంకో ఆకు దగ్గరికి లాగుతున్నాయి. వెనక నుంచి ఇంకో చీమ తమ పిల్లపురుగుని నోట కరుచుకుని వచ్చి ఈ అంచుకీ ఆ అంచుకీ తాకిస్తోంది. ఆ పిల్ల నోట్లో నుంచి వచ్చే దారంతోనే కుట్టు పడుతోంది. ఆ చెట్టు మీద ఆకు తినే పురుగు నిలవదు. కాయ కోసేటప్పుడు కరుస్తాయి, చేతులకి బూడిద రాసుకుని ఎక్కాలి. ఇవి చెట్టు రసం పీల్చే పిండినల్లిని కాపాడతాయి కూడా, కాబట్టి పూర్తిగా మన చుట్టాలని అనుకోకూడదు. అయినా మందు కొట్టిన తోటలో ఈ చీమలు బతకవు. అవి వచ్చిన రోజు మా ఆయన ఫోన్లో ఫొటోలు తీసి బంధువులందరికీ పంపారు.

అమ్మకం దగ్గర అందరికీ ఒకే దారి చెప్పలేను. రైతుబజార్లు మన రాష్ట్రంలో 1999లో మొదలయ్యాయి. ఎంవీపీ కాలనీ రైతుబజారుకి మా ఊరి వాళ్ళు చాలాకాలంగా వెళ్తున్నారు. మేమూ వెళ్ళేవాళ్ళం. అక్కడ మందు కొట్టని వంకాయకీ కొట్టిన వంకాయకీ ధర ఒకటే, చూపుకి మాది కాస్త చిన్నది. ఒక వ్యాపారి పసుపంతా నేనే కొంటానని ఎత్తుకెళ్ళి సగం డబ్బు ఇవ్వడానికి ఏడాది తిప్పాడు. దాంతో నేరుగా ఇళ్ళకి ఇవ్వడం మొదలుపెట్టాం. మధురవాడ వైపు అపార్ట్‌మెంట్ల వాళ్ళు వాట్సాప్‌లో ముందుగా చెప్తారు, శనివారం తెల్లవారి కోసి పంపిస్తాం. ఏ వారం ఏది పండితే అదే సంచిలో ఉంటుంది, ఆనపకాయలు పండిన వారం ఆనపకాయలే. మొదట్లో టమాటా లేదేమిటని అడిగిన వాళ్ళు ఇప్పుడు కంద ఎలా వండాలో అత్తని ఫోన్లో అడుగుతున్నారు. ఇది మాకు చాలా సంతోషం. బంతిపూలు మాత్రం పూర్ణా మార్కెట్‌కే. దసరాకి ఒక కోత, దీపావళికి ఒకటి. మార్గశిరంలో గురువారాలకి కనకమహాలక్ష్మి అమ్మవారి గుడికి జనం పోటెత్తుతారు, ఆ నెలలో పూల ధర నిలబడుతుంది. పురుగు కోసం గట్ల మీద వేసిన బంతి పిల్లల స్కూలు ఫీజు కడుతోంది.

పని ఎక్కువ. ఇది దాచి చెప్పడం నాకు నచ్చదు. పలు పంటలు అంటే రోజూ ఏదో ఒక కోత, ఏదో ఒక నాటు. ఆవు ఉన్న ఇల్లు తాళం వేసి పెళ్ళికి వెళ్ళలేదు. పాలు పితకడం, సాల ఊడ్వడం, కూర కోయడం, విత్తనాలు ఎండబెట్టి బూడిద కలిపి కుండల్లో దాచడం, వీటిలో ముప్పాతిక భాగం ఆడవాళ్ళ చేతుల మీదుగానే నడుస్తుంది. మీటింగుల్లో మైకు మాత్రం మగవాళ్ళకి ఇస్తారు. ఇప్పుడు మా ఇంట్లో పంచుకున్నాం. డ్రమ్ము తిప్పడం, సాల పని మా ఆయనవి. సిటీ డబ్బుల లెక్క నాది. గడ్డి లెక్క కూడా నాదే. అదే నోట్సు, వెనక పేజీల నుంచి ముందుకి వచ్చింది. ఏ నెల ఎంత మేత లోపలికి, ఎంత బయటికి అని గీత కొట్టి రాస్తాను.

ఆ నోట్సు ప్రకారం ఇప్పుడు మాకు కరువు నెల ఒక్కటే, ఏప్రిల్. ఉలవ పొట్టు అయిపోతుంది, నవధాన్యాలు ఇంకా చల్లి ఉండం, కుప్పలో గడ్డి అడుగుకి వచ్చేస్తుంది. చిన్నావు ఈసారి పెయ్యదూడని వేసింది. అమ్మొద్దని అత్త, మేత ఎక్కడిదని మా ఆయన. నేను లెక్క చూశాను. దూడని ఉంచుకోవాలంటే చెరువు వైపు గట్టు మీద ఇంకో అవిసె వరస పడాలి, నీటికుంట ఒడ్డున పచ్చిమేతకి ఐదు సెంట్లు తీయాలి. ఆ ఐదు సెంట్లలో ఇప్పుడు బెండ ఉంది, అపార్ట్‌మెంట్ల వాళ్ళకి బెండకాయ అంటే ఇష్టం. బెండని మిరప మళ్ళ అంచుకి జరపొచ్చునని మావయ్య అంటున్నారు. అవిసె విత్తనం అయితే తీసి పెట్టేశాం. తొలకరి పడగానే నాటుతాం.